పైన పడుకోవచ్చా

హ్యూరాన్ సరస్సు మీద నుంచి
డిసెంబర్ 9, 1984

అక్కా,

కాగితం మీద పిండి మరకలు చూసి ముఖం చిట్లించకు. ఇరవై ఎనిమిది మందికి రొట్టెలు పొయ్యిలో పెట్టి, అవి పొంగేలోపు ఈ ఉత్తరం ముగించాలి. పొద్దుటినుంచి గాలి. వంటగదిలో గిన్నెలన్నీ ఓ గోడ నుంచి ఇంకో గోడకి ప్రయాణం చేస్తున్నాయి.

క్రిస్మస్‌కి ఓడని రేవులో కట్టేస్తారనుకున్నాను. ఇంకా మోయాల్సిన ఇనుపరాయి మిగిలిందట, జనవరి మధ్య దాకా తిరుగుతామని కెప్టెన్ నిన్న చల్లగా చెప్పాడు. మా రెయినోకి పద్నాలుగున కాలేజీ మూస్తారు. పదిహేనున బస్సులో హాన్‌కాక్‌లో దిగుతాడు. మా ఇంట్లో నీళ్ళ గొట్టాలు ఖాళీ చేసి తాళం వేసి వచ్చాను కదా, అందుకని ఈ నెల రోజులూ వాడు నీ బిడ్డే.

నా భయాలు నీకు కొత్త కాదు. సెలవులకి ఊరు చేరిన పిల్లలందరూ పొలోమని ఒకే బారులో చేరడం మన ఊళ్ళో ఎప్పటినుంచో ఉంది. ఆర్వో ఐదేళ్ళ కిందట థాంక్స్‌గివింగ్ పండగ ముందురోజు అక్కడే తాగి కారెక్కాడు, ఇంటికి రాలేదు. మొగుణ్ణి అలా పోగొట్టుకున్నదాన్ని, కొడుకుని కూడా పోగొట్టుకోలేను. కాబట్టి వాడికి కారు ఇవ్వకు. సరస్సు మీద మంచు ఇంకా గట్టిపడలేదు, చేపలంటూ పంపకు. బారు వైపు అసలే వద్దు. ఇంట్లో ఉన్నాడంటే చాలు, నాకే భయమూ లేదు. చలిగాలి తగిలితే వాడికి రొమ్ము పట్టేస్తుంది, కాస్త వెచ్చగా చూడు. వాడు ఏం చేసినా నా దగ్గర దాచకు.

ఉత్తరాలు డెట్రాయిట్‌కే రాయి. ఈసారి మంచు ఆలస్యమైంది కాబట్టి నది మీద ఉత్తరాల పడవ ఇంకా తిరుగుతోంది. మా ఓడ పక్కకి వచ్చినప్పుడు తాడు కట్టి బకెట్ దింపుతాం, నీ ఉత్తరం అందులో పడుతుంది. వారానికి ఒకసారైనా అటు దాటుతాం.

రొట్టె మాడు వాసన వస్తోంది. ఉంటాను.

హెల్మి

---

హాన్‌కాక్
డిసెంబర్ 17

బంగారు చెల్లీ,

నీ కొడుకు శనివారం మధ్యాహ్నం దిగాడు. దిగగానే మాంసం కూరిన పాస్టీలు మూడు తిని, నాలుగోది కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. మనిషి ఇంకో అంగుళం పెరిగాడు. జుట్టు సంగతి నేనేమీ అనను, వచ్చాక నువ్వే అందువుగాని.

మీ బావ తోయివో వాడికోసం నెల రోజులు కష్టపడి కిందగదిని తయారు చేశాడు. నేలమాళిగలో సౌనా ఆవిరి స్నానాల గదికీ ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్‌కీ మధ్య ఖాళీ ఉండేది చూడు, అక్కడ. గోడలకి పైన్ చెక్క కొట్టాడు. కిటికీకి ప్లాస్టిక్ పొర బిగించి చుట్టూ మేకులు దిగ్గొట్టాడు. ఫర్నేస్ వెనక గోడలో ఓ కన్నం ఉండేది, గాలి సూటిగా మంచం మీదికే కొట్టేది. నువ్వు వెచ్చగా చూడమన్నావుగా, అమ్మ పాత ఉన్నికోటు అందులో కుక్కి పైన పలక కొట్టించాను. ఇప్పుడు చీమ దూరే సందు లేదు. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో ఇంత వెచ్చటి చోటు నాకెవరూ చేసిపెట్టలేదని తోయివోని దెప్పాను కూడా.

గుమ్మం దగ్గర కాఫీ డబ్బా పెట్టాను. వయసు పిల్లలెవరు గడప దాటినా కారు తాళాలు అందులో వేయాల్సిందే. రెయినో స్నేహితులు ఇద్దరు శనివారం సాయంత్రం సౌనాకి వచ్చి, బుద్ధిగా వేసి, స్నానాలయ్యాక తీసుకుని వెళ్ళారు.

ఇక చెప్పాల్సింది చెబుతాను, నువ్వు దాచొద్దన్నావు కాబట్టి. ఆదివారం పొద్దున వాడు లేవలేదు. చర్చికి రమ్మంటే తల పగిలిపోతోందన్నాడు. ముఖం ఎర్రగా కందిపోయింది, రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. మాట కూడా ముద్దగా వచ్చింది. నేను గది వెతికాను, సీసా ఏదీ దొరకలేదు. ఆ పిల్లలేమైనా కోటుల్లో తెచ్చారేమో తెలియదు. మీ బావకి ఇంకా చెప్పలేదు. మద్యనిషేధ సంఘానికి ఇరవై ఏళ్ళుగా కార్యదర్శి ఆయన, రమ్ము వాసన వేస్తే కేకు కూడా తోసేసే మనిషి. తన కప్పు కింద ఎవరో తాగారంటే అన్నం మానేస్తాడు.

ఇవాళ మాత్రం వాడు నిక్షేపంగా ఉన్నాడు. మూడిళ్ళ ముందు మంచు తోసిపెట్టి వచ్చాడు.

మా పుల్లాకి ఏమైందో, పిల్లి బుద్ధి. ఎప్పుడూ రెయినో పొట్ట మీదే పడుకునేది, శనివారం మెట్ల పైనే కూర్చుని కిందికి దిగనని మొండికేసింది. ఆ జుట్టు దానికీ నచ్చలేదేమో.

నీ అక్క
ఐలి

---

డెట్రాయిట్ నది
డిసెంబర్ 20

అక్కా,

బకెట్ పైకి వచ్చింది, నీ ఉత్తరం వచ్చింది, చదివాను. రెండోసారి చదవలేదు.

సీసా దొరకలేదా? కాపురం చేసిన పదిహేనేళ్ళలో ఆర్వో సీసా నాకు ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. ఆదివారం తలనొప్పి, ఎర్ర ముఖం, ముద్ద మాట, సోమవారానికి ఊరందరికీ సాయం. ఆ పాటంతా నాకు కంఠతా వచ్చు. నువ్వే ఇప్పుడు మొదటిసారి వింటున్నావు, తోయివోని కట్టుకున్నావు కాబట్టి.

ఆ స్నేహితుల్ని రానివ్వకు. వాడు కిందగదిలోనే ఉండాలి. వీధి తలుపు దగ్గర సోఫా మీద పడుకుంటానంటే ఒప్పుకోకు, ఎప్పుడు జారుకున్నాడో నీకు తెలియదు. నువ్వు మెత్తని మనిషివి, అది వాడికి తెలుసు.

ఇక్కడ ఎవరితోనూ అనలేదు. అందరూ నీ కొడుకు ఇంజనీరు అవుతాడటగా అని అడుగుతుంటే అవునంటూ ఉల్లిపాయలు తరిగాను.

హెల్మి

---

హాన్‌కాక్
డిసెంబర్ 24, పొద్దున

హెల్మీ,

పండగపూట నీ గుండెల మీద రాయి పెడుతున్నాను, తిట్టుకోకు.

బుధవారం సౌనా అయ్యాక మళ్ళీ కాస్త తలనొప్పి అన్నాడు. సరే అనుకున్నాను. మొన్న శనివారం స్నేహితులెవరూ రాలేదు, నేనే రావద్దని ఫోన్ చేశాను. స్నానం చేశాడు, గదిలోకి వెళ్ళాడు. రాత్రి భోజనానికి పిలిస్తే మెట్లెక్కుతూ తూలి పడ్డాడు. కళ్ళు ఎక్కడో ఉన్నాయి. వాడి నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాను. పళ్ళపొడి వాసన తప్ప ఏమీ లేదు. పళ్ళు తోముకుని వచ్చాడన్నమాట అనుకున్నాను. మనిషిని ఒకసారి అనుమానించడం మొదలుపెడితే వాడు పళ్ళు తోముకున్నా తప్పే అవుతుంది చూడు.

ఈసారి మీ బావ కళ్ళారా చూశాడు. తన ప్లేటు తీసుకుని లేచి వెళ్ళిపోయాడు.

ఆదివారం సాయంత్రం రెయినో నా దగ్గరకి వచ్చి, కిందగది బాగాలేదు పెద్దమ్మా, పైన సోఫా మీద పడుకుంటానన్నాడు. తోయివో పక్కనే ఉన్నాడు. నెల రోజులు చేతులు కొట్టుకుపోయేలా చేసిన గది బాగాలేదంటే ఆయనకెలా ఉంటుంది? ఆ పూటంతా కార్లు రిపేరు చేసే షెడ్డులోనే కూర్చున్నాడు. నువ్వు ఒప్పుకోవద్దన్నావు కాబట్టి, మీ అమ్మని అడుగు నాయనా అన్నాను. సరే, అడుగుతానని రాసి, అంటించి ఇచ్చాడు. ఇదే కవరులో పెడుతున్నాను. నేను చదవలేదు.

యాలకుల రొట్టె చేశాను. నీ వాటా ఫ్రీజర్లో దాచాను.

ఐలి

---

డెట్రాయిట్ నది
డిసెంబర్ 27

అక్కా,

వాడి కవరు విప్పలేదు. వంటల కాగితాలు పెట్టుకునే డబ్బాలో పడేశాను. అందులో ఏముంటుందో నాకు తెలుసు: నేను తాగలేదు, నన్ను నమ్ము, ఒక్క అవకాశం ఇవ్వు. ఆర్వో రాసినవి అలాంటివి ఓ పెట్టెడున్నాయి. చదివిన ప్రతిసారీ కరిగాను. ఈసారి చదవకపోతే కరగను.

నేను చెప్పినట్టు చెయ్యి, నా మీద ఒట్టు. శనివారం స్నానం కాగానే వాణ్ణి గదిలోకి పంపి కిందికి దిగే మెట్ల తలుపుకి గడియ పెట్టు. తెల్లారాక తియ్యి. తలుపు కొడతాడు. బతిమాలతాడు. తియ్యకు. ఆర్వో కొడితే నేను తీసేదాన్ని, అదే నేను చేసిన తప్పు.

కిటికీకి మేకులున్నాయన్నావుగా, మంచిది.

వాడు ఏడ్చినా సరే, బతికుంటే చాలు నాకు.

హెల్మి

---

సెయింట్ మేరీస్ నది, మంచులో
డిసెంబర్ 31

అక్కా,

నిన్న కెప్టెన్ వంటగదిలోకి వచ్చి టోపీ తీశాడు. పదమూడేళ్ళలో ఆయన వంటగదిలో టోపీ తీయడం చూడలేదు. రేడియోలో కబురు అందిందట. హెల్మి కొడుకు ఆస్పత్రిలో ఉన్నాడు, ప్రాణం ఉంది, ఉత్తరం వస్తోంది. అంతే. మధ్యలో గరగర తప్ప ఇంకేమీ వినపడలేదట.

ఎవరి కారు? తాళం డబ్బాలోంచి ఎలా తీశాడు? నువ్వు గడియ తీశావా? తీసే ఉంటావు. ఇంకెవరికైనా తగిలిందా? ఎవరి పిల్లనైనా గుద్దాడా? అది చెప్పు ముందు. మనవాడికి తగిలితే మనం పడతాం, పరాయి బిడ్డకి తగిలితే నేను ఊళ్ళో తలెత్తలేను.

దిగి పరిగెత్తుకు వద్దామంటే చుట్టూ మంచు. ఓడ కదలడం లేదు. మంచు కొట్టే ఓడ వచ్చి దారి చేస్తే గాని కదలదు. అది వచ్చినప్పుడు ఈ ఉత్తరం దానికిస్తాను.

నిన్న పులుసులో ఉప్పు రెండుసార్లు వేశాను. ఎవరూ ఏమీ అనకుండా తినేశారు. అది చూసి భయం ఇంకా ఎక్కువైంది.

హెల్మి

---

హాన్‌కాక్, ఆస్పత్రి వరండా
జనవరి 1, 1985

హెల్మీ,

కారు లేదు. తాగుడు లేదు. ముందు ఈ రెండు మాటలూ చదువు, తర్వాత కూర్చుని మిగతాది చదువు.

నీ ఉత్తరం శనివారం పొద్దున్నే అందింది. నువ్వు చెప్పినట్టే చేశాను. మూడింటికి సౌనా వెలిగించాం. రెయినో ముందు స్నానం చేసి నాలుగింటికి గదిలోకి వెళ్ళాడు. నేను గడియ పెట్టాను. వాడు లోపలినుంచి ఆ చప్పుడు విని, పెద్దమ్మా, గడియ పెట్టావా అన్నాడు. అవును, అమ్మ పెట్టమంది అన్నాను.

ఐదింటికి తలుపు కొట్టాడు. మూడుసార్లు. గట్టిగా కాదు, మర్యాదగా కొట్టాడు. పెద్దమ్మా, ఒక్క నిమిషం అన్నాడు. నేను రేడియో పెంచి పిండి కలుపుకుంటూ నిలబడ్డాను. ఇది నీకు చెప్పకుండా ఉండలేను. రేడియో పెంచాను.

ఐదున్నరకి మీ బావ స్నానానికి తువ్వాలు తీసుకుని వచ్చాడు. ఆయనకోసం గడియ తీశాను. పది నిమిషాలు గడిచాయి. తర్వాత ఆయన నాలుగు కాళ్ళ మీద మెట్లెక్కి వచ్చాడు. ముఖం ఎర్రగా ఉంది. నవ్వుతున్నాడు. ఏదో అంటున్నాడు, ముద్దముద్దగా, నా పేరు కూడా సరిగా పలకలేదు. హెల్మీ, ముప్ఫై ఆరేళ్ళ కాపురంలో నేను ఆయన్ని అలా చూడలేదు. ఒక్క క్షణం, రెయినో ఈయనకి కూడా పట్టించాడా అనుకున్నాను. అంత పాపిష్టి ఆలోచన నాకే వచ్చింది.

ఆ వెంటనే తట్టింది. తోయివో చచ్చినా తాగడు. మరి తాగనివాడు తాగినట్టున్నాడంటే, రెయినో కూడా తాగలేదు. పుల్లా వీధి తలుపు గీకుతోంది, బయటికి పోతానని.

నేను వీధిలోకి పరిగెత్తి అరిచాను. ఎదురింటి అహోలా గొడ్డలి తెచ్చి బయటినుంచి కిటికీ పగలగొట్టాడు. రెయినో సరిగ్గా ఆ కిటికీ కిందే పడి ఉన్నాడు. ప్లాస్టిక్ సగం చింపాడు. ఇంకో సగం వాడి గోళ్ళలో ఉంది.

అగ్నిమాపకం వాళ్ళు వచ్చి నిమిషంలో చెప్పేశారు. సౌనా పొయ్యికి గాలి కావాలి, ఫర్నేస్‌కీ గాలి కావాలి. ఆ గాలి ఇన్నేళ్ళూ గోడలో కన్నంలోంచి వచ్చేది. కన్నం మూసేశాక సౌనా వెలిగించినప్పుడల్లా ఫర్నేస్ విషవాయువు పొగ గొట్టంలోంచి వెనక్కి వచ్చి గదిలో నిండింది. రంగు లేదు, వాసన లేదు. శనివారం, బుధవారం, మనం స్నానం చేసే రోజుల్లోనే. అమ్మ కోటు వాళ్ళే పీకి మంచులో పడేశారు.

రక్తంలో ఒక్క చుక్క మద్యం లేదన్నాడు డాక్టరు. ఆ ముఖం ఎరుపు కూడా ఆ వాయువు వల్లేనట. తోయివో లేచి తిరుగుతున్నాడు. రెయినో మూడు రోజులుగా ఆక్సిజన్ మీద ఉన్నాడు, ఇంకా కళ్ళు తెరవలేదు. చెయ్యి పట్టుకుంటే వేళ్ళు కొంచెం కదుపుతున్నాడు.

రోడ్డు మీద పోతాడని, నీళ్ళలో పోతాడని భయపడ్డాం. కన్నం మూసింది నేను. గడియ పెట్టింది నేను. నన్ను ఏమైనా అను, కాని అను. మౌనంగా ఉండకు.

ఐలి

---

సెయింట్ మేరీస్ నది
జనవరి 6

అక్కా,

మంచు ఓడ వాళ్ళు నీ ఉత్తరం తెచ్చి, నాది తీసుకున్నారు. నేను కారు ఎవరిదని అడిగిన ఉత్తరం దీనికంటే ముందే నీకు అందుతుంది. దాన్ని పొయ్యిలో వెయ్యి.

నిన్నేమీ అనను. నువ్వు కన్నం మూసింది నేను వెచ్చగా చూడమన్నానని. గడియ పెట్టింది నేను ఒట్టు పెట్టానని. వాడు కొట్టినప్పుడు తలుపు మూసి ఉంచింది నేను, నాలుగు వందల మైళ్ళ దూరం నుంచి. నీ చేతులు అరువు తెచ్చుకున్నాను, అంతే.

చదివాక వంటల డబ్బా తీశాను. కవరు అందులోనే ఉంది, యాలకుల రొట్టె కాగితం పక్కన. వాడు రాసింది ఉన్నదున్నట్టు నీకు రాస్తున్నాను. నేనొక్కదాన్నే మోయలేను.

"అమ్మా, నేను తాగలేదు. సౌనా రోజునే తలనొప్పి వస్తోంది, బయటికెళ్ళి మంచు తోస్తే పోతోంది. ఆ రోజుల్లో పుల్లా కూడా కిందికి దిగదు. కిందగదిలో గాలి బాగాలేదేమోనని నా అనుమానం. చెప్పబోతే పెదనాన్న గది నచ్చలేదనుకుని బాధపడ్డాడు. నువ్వు చెప్పందే పెద్దమ్మ ఏదీ ఒప్పుకోదు, అందుకే అడుగుతున్నాను. పైన పడుకోవచ్చా? ఒక్క ముక్క రాస్తే చాలు. నాన్నని తలుచుకుని నువ్వు భయపడతావని తెలుసు. నేను నాన్నని కాదమ్మా. రెయినో."

పది రోజులు ఇది నా మోచేతి దగ్గర ఉంది. పక్కనే నిలబడి రొట్టె చేశాను. విప్పి ఉంటే నువ్వు శనివారం చదివిన ఉత్తరంలో గడియ బదులు పైన పడుకోమన్న ముక్క ఉండేది.

వాడడిగిన ముక్క ఇప్పుడు రాస్తున్నాను. వాడు కళ్ళు తెరిస్తే చదివి వినిపించు. తెరవకపోయినా చెవి దగ్గర చదువు.

రెయినో, పైన పడుకో నాన్నా. నీ మాట నమ్ముతున్నాను. అమ్మ.

---

హాన్‌కాక్
జనవరి 14

హెల్మీ,

నీ ఓడ రేవులో కట్టగానే ఇది నీ చేతికిస్తామన్నారు మీ ఓడ కంపెనీ ఏజెంటు గారు. ఇంటికి ఫోన్ చెయ్యి, తోయివో కారు తీసుకుని వస్తాడు. కాని ఇంట్లో అడుగుపెట్టే ముందు నువ్వు ఈ ఉత్తరం చదివి ఉండాలి. అందుకే రాస్తున్నాను.

మూడో తారీకున కళ్ళు తెరిచాడు. ఎనిమిదిన ఇంటికి తెచ్చాం. నడుస్తున్నాడు. తింటున్నాడు, పాస్టీలు రెండే గాని తింటున్నాడు. నన్ను గుర్తుపట్టాడు, నిన్ను తలుస్తున్నాడు, చిన్నప్పుడు రేవులో నీ ఓడకి చెయ్యి ఊపిన సంగతులు చెబుతున్నాడు. లెక్కలు కూడా చేస్తున్నాడు. కాని క్రిస్మస్ తర్వాత జరిగినదేదీ వాడిలో నిలవడం లేదు. పొద్దున చెప్పింది సాయంత్రానికి ఉండదు. నెలలు పట్టొచ్చు, కొంత తిరిగి రావచ్చు, కొంత రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. కాలేజీకి ఉత్తరం రాశాం.

తోయివో మెట్ల తలుపుని బందులతో సహా ఊడదీశాడు. కిందగది చెక్కంతా పీకేశాడు. కన్నం దగ్గర కూర్చుని దానిలోంచి గాలి వస్తోందా లేదా అని చెయ్యి పెట్టి చూసుకుంటూ ఉంటాడు. రెయినోతో క్షమించమన్నాడు. వాడు ఎందుకు పెదనాన్నా, గది బాగుందిగా అన్నాడు.

నేను చెప్పాల్సింది ఇది. రోజూ చీకటిపడే వేళకి వాడు దిండు చంకలో పెట్టుకుని మెట్ల దగ్గరికి వస్తాడు. తలుపు లేని గుమ్మం ముందు ఆగుతాడు. నా వైపు తిరిగి, మొహమాటంగా అడుగుతాడు.

"పెద్దమ్మా, అమ్మ ఉత్తరం వచ్చిందా? ఇవాళ పైన పడుకోవచ్చా?"

వచ్చిందిరా అంటాను. నీ ఉత్తరం తీసి ఆఖరి ముక్క చదువుతాను. అమ్మ ఒప్పుకుందా అని ముఖమంతా వెలిగిపోతుంది. సోఫా మీద పడుకుని నిమిషంలో నిద్రపోతాడు. పుల్లా వాడి పొట్ట మీద ఎక్కి పడుకుంటుంది. మర్నాడు సాయంత్రం మళ్ళీ దిండుతో వస్తాడు.

ఇప్పటికి ఐదు సాయంత్రాలు చదివాను. కాగితం మడతల దగ్గర చిరగడం మొదలైంది. నిన్న వెనక టేపు అంటించాను.

నువ్వు వచ్చాక వంటగదిలోకి పోయి ఏడవకు. దిండు తీసుకుని వాడు మెట్ల దగ్గరికి వచ్చే వేళకి అక్కడ ఉండు. వాడు నన్నే అడుగుతాడు, అలవాటు కాబట్టి. నేను మాట్లాడను. నువ్వు చెప్పు.

ఐలి